పాత తుపాకిని మళ్ళీ పేల్చి చూడవచ్చా?

మా ఇంటి హాల్లో గోడమీద ఒక తుపాకి ఉంది. భయపడకండి, అది పేలదు. టేకు చెక్క, ఒక ఇనప గొట్టం, నల్ల పెయింటు, అంతే. మా తాతయ్య చేసింది. కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం స్టూడియోల్లో తెలుగు సినిమాలు వరసగా తీస్తున్న రోజుల్లో ఆయన ఆర్ట్ డిపార్ట్‌మెంటులో ప్రాపర్టీలు చేసేవారు. కత్తులు, డాళ్ళు, కిరీటాలు, తుపాకులు. తర్వాత తెలుగు సినిమా హైదరాబాదు వెళ్ళిపోయింది, మా తాతయ్య వెళ్ళలేదు. అందుకే నేను ఇక్కడ మద్రాసులో, తెలుగు మీడియంలో పదో తరగతి చదువుతున్నాను.

ఆ తుపాకి గురించి నేనెప్పుడూ పెద్దగా ఆలోచించలేదు. దసరాకి ఆయుధపూజ రోజు అమ్మ దానికి కూడా కుంకుమబొట్టు పెడుతుంది, అంతవరకే. మొన్న సెలవుల్లో మా ఫిజిక్స్ సారు మమ్మల్ని ఎగ్మూరు మ్యూజియానికి తీసుకువెళ్ళాక కథ మారింది. కోడంబాక్కంలో రైలెక్కితే మూడో స్టేషనే ఎగ్మూరు. పాంథియన్ రోడ్డులో ఉన్న ఆ మ్యూజియంలో ఆయుధాల విభాగం ఉంది. అందులో చాలావరకు తంజావూరు రాజభవనం ఆయుధశాల నుంచి వచ్చినవి. నా ఎత్తు కన్నా పొడవైన తుపాకులు అద్దం వెనక వరసగా నిలబెట్టి ఉన్నాయి. గొట్టాల మీద పువ్వులు, తీగలు చెక్కారు. పెళ్ళి పల్లకీకి చేసినంత పని చేశారు.

నేను సారుని అడిగాను: "సార్, ఇవి ఎంత దూరం కొడతాయి?"

సారు నవ్వి, "చూస్తే తెలియదమ్మా. పేల్చి చూడాలి" అన్నారు.

"మరి పేల్చి చూడొచ్చా?"

దీనికి మాత్రం సారు వెంటనే జవాబు చెప్పలేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే.

ముందు ఆ తుపాకులు ఎలా పనిచేస్తాయో చెప్పాలి, లేకపోతే నేను దేని గురించి మాట్లాడుతున్నానో అర్థం కాదు. ఇప్పటి తుపాకిలాగా వాటికి తూటా లేదు. మందు వేరు, గుండు వేరు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపిన నల్లమందుని గొట్టం మూతిలో పోసి, సీసపు గుండు వేసి, పొడవాటి కడ్డీతో దట్టించాలి. గొట్టం వెనక పక్కన చిన్న పళ్ళెంలాంటి గుంట, అందులో ఇంకాస్త మందు. వత్తి తుపాకి అయితే మీట నొక్కగానే నిప్పు రాజుకుంటున్న వత్తి వంగి ఆ పళ్ళెంలో పడుతుంది. చెకుముకి తుపాకి అయితే రాయి ఉక్కుని గీకి నిప్పురవ్వ పుడుతుంది. పళ్ళెంలో మంట చిన్న రంధ్రంలోంచి లోపలికి పోయి అసలు మందుని అంటిస్తుంది. వాన పడితే వత్తి ఆరిపోతుంది. గాలి వీస్తే పళ్ళెంలో మందు ఎగిరిపోతుంది. ఒక్కోసారి పళ్ళెంలో మంట భగ్గుమంటుంది గానీ గుండు కదలదు. బాగా అలవాటైన సిపాయి చెకుముకి తుపాకితో నిమిషానికి రెండు మూడు సార్లు కాల్చేవాడు. వత్తి తుపాకితో అదీ కష్టమే.

సినిమాలో మనకి ఇవేవీ కనపడవు. హీరో గుర్రం మీద వస్తాడు, ఒక్క చేత్తో కాలుస్తాడు, దూరాన ఎవడో పడిపోతాడు. దట్టించడం, వత్తి ఊదుకోవడం ఏమీ ఉండవు. నేను పదిహేనేళ్ళు అదే నిజమనుకున్నాను.

ప్రపంచంలో కొందరు ఆ ఆయుధాలను నిజంగానే పేల్చి చూశారని సారు తర్వాత క్లాసులో చెప్పారు. ఆస్ట్రియాలో గ్రాజ్ అనే ఊళ్ళో ఒక పాత ఆయుధశాల ఉంది. అందులో 32,000 దాకా ఆయుధాలు, కవచాలు ఉన్నాయట. 1988, 89 సంవత్సరాల్లో అక్కడివాళ్ళు 16వ శతాబ్దం నుంచి 18వ శతాబ్దం వరకు ఉన్న అసలు తుపాకులను కొన్ని తీసి, గట్టి చట్రానికి బిగించి, మనిషి ముట్టుకోకుండా కరెంటుతో అంటించి పేల్చారు. గుండు బయటికొచ్చే వేగం సెకనుకు సుమారు 450 మీటర్లు వచ్చింది. అంటే ధ్వని కంటే వేగం. నాలుగు వందల ఏళ్ళనాటి ఇనప గొట్టం! కానీ 100 మీటర్ల దూరంలో మనిషంత గురి పెడితే, చాలా తుపాకులు సగానికి సగం తప్పాయి. గుర్తుంచుకోండి, తుపాకిని చట్రానికి బిగించాక. పట్టుకున్న మనిషి చెయ్యి వణకడం, కళ్ళలో పొగ, ఎదుట శత్రువు, ఏవీ లేకుండానే సగం తప్పాయి.

డెన్మార్కులో ఒక మధ్యయుగాల పరిశోధన కేంద్రం వాళ్ళు ఇంకా వెనక్కి వెళ్ళారు. స్వీడన్‌లో లోషుల్ట్ అనే చోట దొరికిన కంచు తుపాకి ఒకటి ఉంది, 14వ శతాబ్దానిది, పొడవు అడుగు మాత్రమే, చూడ్డానికి పూలకుండీలా ఉంటుంది. వాళ్ళు దానికి నకలు పోతపోసి, ఆ కాలపు పద్ధతిలో మందు కూడా తామే తయారుచేసి, బాణాలు, సీసపు గుండ్లు పెట్టి పేల్చి చూశారు. గ్రాజ్‌లో అసలుది పేల్చారు, ఇక్కడ నకలు పేల్చారు. అసలుది పగిలితే మళ్ళీ రాదు, నకలు పగిలితే ఇంకోటి చేసుకోవచ్చు. ఇందులో నాకు డెన్మార్కు పద్ధతే నచ్చింది.

ఇదంతా వింటే ఏదో దేశాల గొడవలా ఉంది కదా. కానీ దీని అసలు మొదలు మన ఊరి దాకా వస్తుందని నాకు ఆ తర్వాత తెలిసింది.

బెంజమిన్ రాబిన్స్ అని ఇంగ్లండులో ఒక గణిత శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1707లో బాత్ అనే ఊళ్ళో పుట్టాడు. తుపాకి గుండు ఎంత వేగంగా పోతుందో మొట్టమొదట సరిగ్గా కొలిచింది ఆయనే. అప్పట్లో స్టాప్‌వాచ్ లేదు, కెమెరా లేదు. ఆయన ఒక బరువైన చెక్క దిమ్మని లోలకంలా వేలాడదీశాడు. గుండు వచ్చి దిమ్మలో దిగబడుతుంది, దిమ్మ వెనక్కి ఊగుతుంది. ఎంత ఊగిందో కొలిస్తే, ద్రవ్యవేగ నిత్యత్వ నియమంతో గుండు వేగం వచ్చేస్తుంది. మన తొమ్మిదో తరగతి లెక్కే. ఆయనకు సెకనుకు 1,700 అడుగులకు దగ్గరగా వచ్చింది, అంటే 500 మీటర్ల పైమాటే. గ్రాజ్ వాళ్ళు ఎలక్ట్రానిక్ పరికరాలతో కొలిచినదానికి ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి! గాలి గుండుని ఎంత బలంగా అడ్డుకుంటుందో కూడా ఆయనే చూపించాడు. అప్పటిదాకా చాలామంది గాలిని లెక్కలోకే తీసుకోలేదు. గుండు గిర్రున తిరుగుతూ పోతే దారి వంకర అవుతుందని చెప్పడానికి, తుపాకి గొట్టాన్ని కావాలని ఒక పక్కకి వంచి, పల్చటి కాగితపు తెరల్లోంచి కాల్చి చూపించాడు. 1742లో పుస్తకం అచ్చయింది. మూడేళ్ళకే ఆయిలర్ దాన్ని జర్మన్‌లోకి అనువదించాడు. ఆయిలర్ అంటే మన లెక్కల పుస్తకంలో పేరు వచ్చే ఆయిలరే.

ఇప్పుడు మన ఊరు. 1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసు కోటను పట్టుకున్నారు. ఆ ఏడాది చివర్లో ఆర్కాటు నవాబు కొడుకు మహఫూజ్ ఖాన్ సైన్యం వాళ్ళని అడయారు నది దగ్గర అడ్డుకుంది. ఫ్రెంచివైపు వెయ్యిమంది కూడా లేరు, నవాబు వైపు దాదాపు పదివేలు అని చరిత్ర పుస్తకాల్లో ఉంది. గెలిచింది ఫ్రెంచివాళ్ళు. ఎలా? తుపాకి మంచిది కావడం వల్లనే అయితే, సగం తప్పే తుపాకితో అది కుదరదు. వరసగా నిలబడి, ఒకేసారి అందరూ కాల్చి, మళ్ళీ దట్టించి, మళ్ళీ ఒకేసారి కాల్చారు. ఒక్కడి గురి మీద ఆధారపడలేదు. పేల్చి చూసినవాళ్ళ అంకెలు లేకపోతే ఈ సంగతి నాకు అర్థమయ్యేది కాదు. 29సీ బస్సులో అడయారు వంతెన దాటేటప్పుడు ఇప్పుడు నాకు ఆ పొగ గుర్తొస్తుంది. (మా తమ్ముడికి మాత్రం ఆ నది కంపు గుర్తొస్తుంది.)

1749లో మద్రాసు మళ్ళీ ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది. కోటలు గట్టిగా కట్టాలని ఈస్టిండియా కంపెనీ ఒక పెద్ద ఇంజనీరుని పంపింది. ఆయనే ఈ బెంజమిన్ రాబిన్స్. 1750లో వచ్చాడు. మద్రాసు సెయింట్ జార్జి కోటకి, కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటకి నమూనాలు గీశాడు. ఏడాది తిరిగేసరికి జ్వరం పట్టుకుని, 1751 జూలై 29న సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. నలభై నాలుగేళ్ళు.

ఇందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. రాబిన్స్ పుట్టింది క్వేకర్ కుటుంబంలో. క్వేకర్లు అంటే యుద్ధం పాపమని, ఆయుధం పట్టకూడదని నమ్మే క్రైస్తవులు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు తుపాకి గుండు వేగం కొలిచాడు. వాళ్ళమ్మ ఏమనుకుని ఉంటుంది?

నేను ఈ ప్రశ్న క్లాసులో పెట్టాను. పెద్ద గొడవ అయింది. తెలుగు టీచరమ్మ పాఠం ఆపేసి మరీ మమ్మల్ని వాదించుకోనిచ్చారు.

నా బెంచీలో కూర్చునే స్నేహితురాలు అంది: "తెలుసుకోవడం వేరు, చెయ్యడం వేరు. పాము గురించి చదివితే పాము కరిచినట్టా?" చాలామంది చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

వెనక బెంచీ నుంచి ఒకబ్బాయి లేచాడు. వాళ్ళ నాన్నగారిది మగ్గం పని, ఊరు చీరాల దగ్గర. "పాత మగ్గం మళ్ళీ చేసి నేసి చూస్తే, బట్ట బాగా వస్తే సంతోషిస్తాం. పాత కుండ మళ్ళీ చేస్తే, నీళ్ళు కారకపోతే సంతోషిస్తాం. పాత తుపాకి మళ్ళీ చేసి పేలిస్తే, చెక్కలో ఇంత లోతు దిగిందని సంతోషిస్తారా? ఆ చెక్క దేనికి బదులు పెట్టారు?" అన్నాడు.

క్లాసు నిశ్శబ్దం అయిపోయింది. వాడు మామూలుగా మాట్లాడడు, అందుకే ఇంకా గట్టిగా తగిలింది.

దీనికి నాకు తోచిన జవాబు చెప్తాను. పేల్చి చూడటం వల్ల ఆయుధం గొప్పదనం పెరగదు, తగ్గుతుంది. సినిమా చూసినవాడికి తుపాకి అంటే మంత్రదండం. గ్రాజ్ అంకెలు చూసినవాడికి అది పొగచూరే, తడిస్తే పనిచెయ్యని, సగం సార్లు తప్పే ఇనప గొట్టం. బొబ్బిలి యుద్ధం మనందరికీ తెలుసు, 1757 జనవరి 24. ఆ కథలో మనం వీరత్వం గురించే వింటాం. బుస్సీ ఫిరంగుల ముందు మట్టికోట ఎంతసేపు నిలుస్తుంది, లోపల పొగలో పిల్లలు ఎలా ఊపిరి పీల్చుకున్నారు అని ఎవరూ అడగరు. కొలిచినవాడు అడుగుతాడు. అబద్ధంకన్నా కొలత మంచిదని నా వాదన.

కానీ ఇదే వాదన రాబిన్స్‌కి సరిపోదు. అది నేను ఒప్పుకోవాలి. ఆయన కొలిచింది పాత తుపాకిని కాదు, ఆయన కాలపు తుపాకిని. ఆయన లెక్కలతో ఫిరంగులు ఇంకా బాగా కాల్చడం నేర్చుకున్నారు. ఆయన జీతం ఇచ్చింది కంపెనీ. తెలుసుకోవడం, చెయ్యడం వేరువేరు అని నా స్నేహితురాలు చెప్పినది అక్కడ చెల్లదు. అయితే ఇప్పుడు వత్తి తుపాకి వేగం తెలుసుకుని ఎవరూ యుద్ధం గెలవరు కదా, కాబట్టి పాతవి పేల్చి చూడటంలో దోషం లేదు అనుకుందామా? నేను అలాగే రాసి ముగిద్దామనుకున్నాను. సారు ఒక వార్త చూపించారు. 2021 అక్టోబరు 21న అమెరికాలో న్యూ మెక్సికోలో 'రస్ట్' అనే సినిమా తీస్తుండగా, పాత నమూనాకి నకలుగా చేసిన రివాల్వర్ పేలి హెలీనా హచిన్స్ అనే ఛాయాగ్రాహకురాలు చనిపోయారు. అది సినిమా కోసం తెచ్చిన నకలే. తను పాతదాన్నని, నకలునని తుపాకికి తెలియదు.

మన దేశంలో చట్టం కూడా ఈ తేడా చూస్తుందని సారు చెప్పారు. 1959 ఆయుధాల చట్టంలో, బాగుచేసినా సరే పేలని పాతకాలపు ఆయుధాలకి మినహాయింపు ఉంది. పేలేది అయితే దానికి ఎన్నేళ్ళున్నా అది ఆయుధమే, లైసెన్సు కావాలి. వయసుని బట్టి కాదు, పేలుతుందా లేదా అన్నదాన్ని బట్టి.

సరే, మందుతో ఎలాగూ మనకి పనిలేదు. అందుకని తుపాకిని కాకుండా రాబిన్స్ కొలతని మళ్ళీ చెయ్యాలనుకున్నాను. సైన్సు ఎగ్జిబిషన్‌కి పెడితే బాగుంటుందని కూడా ఆశ. తుపాకి బదులు ఉండేలు. మన పక్కింటి తమిళ పిల్లలు ఉండివిల్ అంటారు, రెండూ ఒకటే మాట. గుండు బదులు గోళీ. తాతయ్య పెట్టెలోంచి చిన్న చెక్క దిమ్మ తీసుకుని, ముందువైపు బంకమట్టి అతికించాను, గోళీ దిగబడాలి కదా. కిరాణా కొట్టు తూకంలో వేస్తే గోళీ 5 గ్రాములు, మట్టితో సహా దిమ్మ 245 గ్రాములు వచ్చాయి. మేడమీద బట్టలారేసే తీగకి మీటరు దారంతో దిమ్మని వేలాడదీసి, ఉండేలుని పాత స్టూలుకి బిగించి, ప్రతిసారీ రబ్బరు ఒకే గుర్తు దాకా లాగాను. తమ్ముడు స్కేలు పట్టుకున్నాడు.

దిమ్మ సగటున 14 సెంటీమీటర్లు వెనక్కి జరిగింది. లెక్క వేస్తే, గోళీ తగిలాక దిమ్మ వేగం సెకనుకు 0.44 మీటర్లు. మొత్తం బరువు గోళీ బరువుకి యాభై రెట్లు. కాబట్టి గోళీ వేగం సెకనుకు 22 మీటర్లు. రాబిన్స్ తుపాకి దీనికి ఇరవై రెట్ల పైన.

నిజం చెప్తున్నా, ఆ 22 వచ్చినప్పుడు నేను మేడమీద గంతులేశాను. కంటికి కనపడని వేగాన్ని దారం, స్కేలుతో పట్టుకున్నాను. 1742లో ఆయనకీ ఇలాగే అనిపించి ఉంటుంది. ఆ క్షణంలో నాకు యుద్ధం గుర్తురాలేదు, చీరాల అబ్బాయి ప్రశ్న గుర్తురాలేదు, ఏమీ గుర్తురాలేదు. ఆ సంతోషంలో తప్పేమీ లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ అందులో ఏదీ గుర్తురాకపోవడం మాత్రం గమనించాను.

నోటుపుస్తకం పట్టుకుని తాతయ్య దగ్గరికి పరిగెత్తాను. ఆయనకి కుడిచెవి వినపడదు. ఎడమవైపు కూర్చుని అంతా చదివి వినిపించాను. "పది సార్లు కాల్చాను తాతయ్యా. ఏడు తగిలాయి. మూడు తప్పాయి, అవి లెక్కలోకి తీసుకోలేదు."

తాతయ్య అడిగిన మొదటి మాట: "ఆ మూడూ ఎక్కడికి పోయాయే?"

"తెలీదు. పిట్టగోడ అవతలికి పోయుంటాయి."

"పిట్టగోడ అవతల ఏముంది?"

సందు. మా సందులో సాయంత్రం నాలుగున్నరకి ట్యూషన్ పిల్లలు వస్తారు. నేను ప్రయోగం చేసింది నాలుగున్నరకే, ఎందుకంటే అప్పుడు గాలి తక్కువ ఉంటుందని.

తాతయ్య నన్ను తిట్టలేదు. కాసేపు గోడమీద తుపాకి వైపు చూశారు. తర్వాత ఆ తుపాకి ఎందుకు మన ఇంట్లో ఉందో తెలుసా అని అడిగారు. అది ఆయన చేసిన మొదటిదో, మంచిదో అయి ఉంటుందని మేమంతా అనుకునేవాళ్ళం. అది ఆయన చేసిన చివరిదట.

ఆయనకి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఏదో పాతకాలపు కథ, తెలుగు సినిమా. పేరు చెప్పలేదు, చెప్పినా ఇక్కడ రాయను. ఇలాంటి కొయ్య తుపాకుల్లోనే గొట్టంలో చిటికెడు మందు పెట్టి అంటిస్తే పొగ వచ్చేది. కెమెరాలో చూసి పొగ చాలదన్నారు. నిజమైన తుపాకికి ఎంత పొగ వచ్చేదో తాతయ్య ఎక్కడో బొమ్మల పుస్తకంలో చూసి ఉన్నారు. అలాగే రావాలని ఆయనకీ పంతం. "ఎవరూ నన్ను బలవంతం చెయ్యలేదే. నాకే కావాల్సొచ్చింది" అన్నారు. ఇంకాస్త మందు పెట్టారు. గొట్టం పగిలింది. ఆయన చెవి అప్పుడు పోయింది. మాకందరికీ చిన్నప్పుడు జ్వరం వచ్చి పోయిందని చెప్పారు. కానీ అది పెద్ద సంగతి కాదు. పక్కన సిపాయి వేషంలో నిలబడ్డ జూనియర్ ఆర్టిస్టు ఒకాయనకి ఇనప ముక్క తగిలి ఎడమకన్ను పోయింది. ఆయనదీ ఈ కోడంబాక్కమే. చాలా ఏళ్ళు టీకొట్టు దగ్గర కనపడేవాడట. కనపడినప్పుడల్లా ఆయనే ముందు పలకరించేవాడట. "తిట్టుంటే బాగుండేది" అన్నారు తాతయ్య.

నేను ఏమీ మాట్లాడలేకపోయాను. నాయనమ్మ వంటింట్లోంచి వచ్చి, కాఫీ గ్లాసు పెట్టి, ఆ సంగతి నీకు ఈ పిల్లతోనే చెప్పాలనిపించిందా అన్నట్టు తాతయ్య వైపు చూసి వెళ్ళిపోయింది. ఆవిడకి తెలుసన్నమాట.

ఆ రాత్రి గ్రాజ్ అంకె మళ్ళీ గుర్తొచ్చింది. సగం తప్పాయి. పుస్తకంలో అది తుపాకి లోపంలాగా రాస్తారు, నేనూ పైన అలాగే రాశాను, ఆయుధం గొప్పదనం తగ్గించే అంకెలాగా. ఆస్ట్రియాలో గురి వెనక గట్టి అడ్డు పెట్టి ఉంటారు, తప్పిన గుండ్లు అందులో దిగి ఉంటాయి. అడయారు దగ్గర తప్పినవి? అక్కడ నది ఒడ్డున పల్లెవాళ్ళు ఉండేవారు కదా, చేపలవాళ్ళు, పశువులు కాసేవాళ్ళు. తప్పిన గుండుకి కూడా వేగం సెకనుకు అన్ని వందల మీటర్లే. రాబిన్స్ దిమ్మ తగిలిన గుండునే కొలుస్తుంది. తగలనిదాన్ని కొలిచే సాధనం అది కాదు. నా దిమ్మ కూడా అంతే.

మర్నాడు చీరాల అబ్బాయికి ఇదంతా చెప్పాను (తాతయ్య సంగతి తప్ప, అది ఆయన్ని అడిగాకే ఇక్కడ రాస్తున్నాను). వాడు, "అయితే చెయ్యకూడదనే కదా?" అన్నాడు. నేను కాదన్నాను. తాతయ్య కూడా చెయ్యకూడదని అనలేదు. ఆ సందులో ఏముందో చూడకుండా చేశావన్నారు, అంతే. డెన్మార్కు వాళ్ళలాగా నకలు పోతపోసి, దూరంగా నిలబడి, వెనక ఎవరూ లేకుండా చూసుకుని, మందు ఎక్కువైతే గొట్టం పగులుతుందని ముందే లెక్కవేసుకుని పేల్చేవాళ్ళని నేను తప్పుపట్టను. వాళ్ళు తెలుసుకున్నది మనకి కావాలి. కానీ మా తాతయ్య చేసింది కూడా నకలే, ఆయన కోరింది కూడా నిజంలాగా ఉండాలనే. ఆయనకీ వాళ్ళకీ మధ్య తేడా పెద్ద సిద్ధాంతమేమీ కాదు. పక్కన ఎవరు నిలబడ్డారో చూడటం, చూడకపోవడం. వాడు ఒప్పుకోలేదు. చూసుకున్నామనే అందరూ అనుకుంటారు అన్నాడు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

ఎగ్జిబిషన్‌కి లోలకం పెట్టాను. ఈసారి దిమ్మ వెనక దూదిపరుపు మడత కట్టాను, ప్రయోగం క్లాసు గదిలో తలుపు గడియ వేసి చేశాం. చార్టులో ఏడు తగిలినవాటి పక్కన మూడు తప్పినవి కూడా రాశాను. చూడ్డానికొచ్చిన ఒక పెద్దాయన, "ఇవెందుకమ్మా, లెక్కకి పనికిరానివి?" అని అడిగారు.

తమ్ముడూ నేనూ ఆ రోజు సాయంత్రమే సందులో వెతికాం. ఒక గోళీ మురుగుకాలవ పక్కన దొరికింది. ఇంకొకటి ఎదురింటివాళ్ళ తులసికోట మట్టిలో. మూడోది దొరకలేదు. తాతయ్య కూడా చేతికర్ర పట్టుకుని కిందికి దిగి వచ్చారు, ఆటోల కింద వంగి చూశారు. చీకటి పడ్డాక ఇక చాల్లే అని నేను అన్నాను గానీ ఆయన వినలేదు. నేను కుడివైపు నిలబడి చెప్పాను మరి.